పక్షవాతం, మెదడు గాయాల నుండి బయటపడినవారికి ప్రభుత్వ సహాయం

పక్షవాతం వలన గాని, తలకు తగిలిన గాయం వలన గాని మెదడు దెబ్బతిని ప్రాణాలతో బయటపడినవారికి చికిత్స, పునరావాసం, జీవనభృతి, సంరక్షణ నిమిత్తం భారతదేశంలో ప్రభుత్వ ధనంతో నడుస్తున్న ఏర్పాట్లను గురించి ఈ వ్యాసంలో వివరించబడినది. ఈ సహాయానికంతటికీ కలిపి ఒకే పథకం కాని, ఒకే శాఖ కాని లేదు. ఆసుపత్రి ఖర్చును ఒక శాఖ, పింఛనును మరొక శాఖ, చక్రాల కుర్చీని ఇంకొక శాఖ చూస్తాయి. వీటిలో మొదటిది రోగి ఇంటికి చేరిన కొద్దిరోజులకే ముగిసిపోతుంది. రెండవది, మూడవది వైకల్యం స్థిరపడినదని వైద్యులు ధ్రువీకరించిన తరువాత గాని మొదలుకావు. ఈ రెంటి నడుమ మిగిలిపోయే కొన్ని నెలల కాలమే రోగి కోలుకొనడానికి అన్నిటికంటె అనువైన కాలం కావడం ఈ విషయంలో ముఖ్యంగా గమనించవలసిన అంశం.

మెదడు దెబ్బతినుట, దాని పర్యవసానాలు

మెదడుకు రక్తాన్ని తీసుకొనిపోయే నాళం మూసుకొనిపోవుట లేదా చిట్లుట వలన హఠాత్తుగా కలిగే వ్యాధిని వైద్యులు స్ట్రోక్ అంటారు. ఎక్కువమందిలో నాళం మూసుకొనిపోవడమే కారణం. తెలుగులో దీనికి వాడుకలోనున్న పక్షవాతం అనే మాట శరీరంలో ఒక పక్షము, అనగా ఒక పక్క, చచ్చుబడుటను సూచిస్తుంది. ఈ పేరు విన్నవారికి కాలు, చేయి పడిపోవుట మాత్రమే వ్యాధి అనిపిస్తుంది. నిజానికి అది పైకి కనిపించే లక్షణం మాత్రమే. మెదడు ఎడమభాగం దెబ్బతిన్నవారిలో చాలమందికి మాట పోతుంది. వారికి విషయం తెలుస్తూనే ఉంటుంది, పదం మాత్రం నోటికి రాదు. కొందరికి ఎదుటివారి మాట కూడ అర్థం కాదు. దీనిని అఫేసియా అంటారు. కుడిభాగం దెబ్బతిన్నవారిలో కొందరు తమ ఎడమవైపున ఉన్న ప్రపంచాన్నే గమనించరు. కంచంలో కుడివైపున ఉన్న అన్నం మాత్రమే తిని, ఇంకా పెట్టలేదేమని అడుగుతారు. మింగుడుపడకపోవుట, కారణం లేని ఏడుపు, విపరీతమైన అలసట, దిగులు కూడ ఈ వ్యాధిలో సామాన్యంగా కనిపించేవే.

తలగాయాలకు ముఖ్య కారణాలు రోడ్డు ప్రమాదాలు, ఎత్తునుండి పడిపోవుట. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022 సంవత్సరంలో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగినవి. వానిలో 1,68,491 మంది మరణించగా, 4,43,366 మంది గాయపడినారు. పక్షవాతం ఎక్కువగా పెద్దవయసువారికి వస్తుండగా, తలగాయాలు ఎక్కువగా సంపాదించే వయసులోని యువకులకు తగులుతున్నవి. తలగాయం నుండి బయటపడిన మనిషి నడుస్తాడు, మాట్లాడుతాడు. చూసినవారు బాగైపోయినాడనుకొంటారు. కాని ఉదయం విన్నది సాయంత్రానికి గుర్తుండదు, చిన్న విషయానికే పట్టరాని కోపం వస్తుంది, రెండు పనులు ఒకేసారి చేయలేడు. ఉద్యోగం నిలువదు. ఈ కనిపించని లోపాలను కొలిచే పద్ధతి సరిగా లేకపోవడం ప్రభుత్వ సహాయం విషయంలో పెద్ద చిక్కు. దీనిని గురించి ముందు చూడవచ్చును.

మెదడులో చనిపోయిన కణాలు తిరిగి పుట్టవు. అయితే మిగిలియున్న భాగాలు సాధన వలన కొత్తపనులు నేర్చుకొంటాయి. ఈ నేర్పు మొదటి మూడు నెలలలో వేగంగా, ఆ తరువాత నెమ్మదిగా సాగుతుంది. ఇందుకు ఫిజియోథెరపీ, మాటకు, మింగుటకు స్పీచ్ థెరపీ, స్నానం, భోజనం, దుస్తులు వేసుకొనుట వంటి నిత్యకృత్యాలకు ఆక్యుపేషనల్ థెరపీ అవసరమవుతాయి. ఇవి అందకపోతే కోలుకొనుట ఆగిపోవడమే కాక కొత్త బాధలు చేరుతాయి. కీళ్ళు బిగుసుకుపోతాయి, భుజం నొప్పి పట్టుకొంటుంది, పడక పుండ్లు పడతాయి, మింగినది ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా వస్తుంది.

రాజ్యాంగం, చట్టాలు

భారత రాజ్యాంగంలోని 41వ అధికరణం నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, అంగవైకల్యం సంభవించినప్పుడు ప్రజలకు ప్రభుత్వ సహాయం పొందే హక్కును, ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి, కల్పించవలెనని ఆదేశిస్తున్నది. ఇది ఆదేశసూత్రాలలోనిది కనుక దీని ఆధారంగా నేరుగా న్యాయస్థానానికి వెళ్ళుటకు వీలులేదు. ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 6వ అంశం ప్రజారోగ్యం, 9వ అంశం వికలాంగులకు, పనిచేయలేనివారికి సహాయం. అందువలన ఒకే రోగానికి ఒక రాష్ట్రంలో ఇచ్చే పింఛను పొరుగు రాష్ట్రంలో ఇచ్చే పింఛనుకు మూడు నాలుగు రెట్లు ఉండవచ్చును.

1995లో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7 నుండి అమలులోకి వచ్చినది. దానిలో ఏడు రకాల వైకల్యాలు మాత్రమే గుర్తించబడినవి. పక్షవాతం వచ్చినవారు చలనవైకల్యం క్రిందికి వచ్చేవారు. మాట పోయినవారికి చోటు లేదు. మానసిక మాంద్యమునకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనం మనోవికాసం మధ్యలో ఆగిపోవుట లేదా అసంపూర్ణంగా ఉండుట. అనగా పుట్టుకనుండి లేక బాల్యంనుండి ఉన్నది. ముప్పై ఏళ్ళ వయసులో తలకు దెబ్బ తగిలి తెలివి తగ్గినవాడు ఈ నిర్వచనంలోనికి రాడు.

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించినది. దానికి అనుగుణంగా రూపొందిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చినది. ఇందులో వైకల్యాల సంఖ్య 21కి పెరిగినది. వాక్కు, భాషా వైకల్యం అనే శీర్షిక క్రింద అఫేసియా పేరు చట్టంలోనే చేర్చబడినది. ఇది పక్షవాత రోగులకు నిజమైన మేలు. దీర్ఘకాలిక నాడీవ్యాధుల క్రింద మల్టిపుల్ స్క్లీరోసిస్, పార్కిన్సన్ వ్యాధి పేర్కొనబడినవి. కాని పుట్టిన తరువాత మెదడుకు తగిలిన గాయం ఒక ప్రత్యేక వైకల్యంగా ఈ జాబితాలో లేదు. అట్టివారు తమకున్న లోపాలలో ఏదో ఒకదాని పేరుతో, కాలు పేరుతోనో మాట పేరుతోనో మనోవ్యాధి పేరుతోనో, సహాయం కోరవలసియున్నది. చట్టంలోని 99వ సెక్షను ప్రకారం కేంద్రప్రభుత్వం నోటిఫికేషను ద్వారా షెడ్యూలును సవరించవచ్చును.

ఇదే చట్టంలోని 24వ సెక్షను సాంఘిక భద్రతకు సంబంధించినది. వికలాంగులకు ఇచ్చే సహాయం అటువంటి పథకాలలో ఇతరులకిచ్చే దానికంటె కనీసం 25 శాతం ఎక్కువగా ఉండవలెననియు, అధిక ఆసరా అవసరమైనవారికి సంరక్షకుని భత్యం ఇచ్చే పథకాలు ఉండవలెననియు దీనిలో ఉన్నది. అయితే ఇది కూడ ప్రభుత్వ ఆర్థిక స్తోమత అనే మాటకు లోబడియే ఉన్నది.

ఆసుపత్రి చికిత్స

ఆపదలో ఉన్న రోగిని ఆసుపత్రికి చేర్చి ప్రాణం నిలబెట్టే విషయంలో తెలుగు రాష్ట్రాలు దేశానికి మార్గం చూపినవనుట అతిశయోక్తి కాదు. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైనది. రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం వై.యస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభించబడి తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించినది. పేద కుటుంబాలకు మెదడు శస్త్రచికిత్సలు, ప్రమాదాలలో తగిలిన గాయాల చికిత్సలు కార్పొరేటు ఆసుపత్రులలో కూడ ఉచితంగా లభించుట దీనితోనే ఆరంభమైనది. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాలలోను పథకం కొనసాగినది. ఆంధ్రప్రదేశ్‌లో దీని పేరు ప్రభుత్వాలు మారినప్పుడల్లా మారుతూ వచ్చినది. 2023 డిసెంబరులో వార్షిక పరిమితిని ఆంధ్రప్రదేశ్ 25 లక్షల రూపాయలకు, తెలంగాణ 10 లక్షల రూపాయలకు పెంచినవి. కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ బీమా పథకం 2018 సెప్టెంబరు 23న మొదలైనది. కుటుంబానికి సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స దీని పరిమితి. 2024 అక్టోబరు నుండి 70 ఏళ్ళు నిండిన వారందరికి ఆదాయంతో నిమిత్తం లేకుండ ఇది వర్తింపజేయబడినది. పక్షవాతం ఎక్కువగా వచ్చే వయసు అదే కనుక ఈ మార్పు గమనింపదగినది.

రోడ్డు ప్రమాద బాధితులకు 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్సా పథకం క్రింద ఒక్కొక్కరికి 1.5 లక్షల రూపాయల వరకు చికిత్స అందుతుంది. ధనిక, పేద భేదం లేదు.

ఇక ఈ పథకాల గడువులను పరిశీలింపవలెను. రోడ్డు ప్రమాద పథకం ప్రమాదం జరిగిన రోజునుండి 7 రోజులకే పరిమితం. ఆరోగ్యశ్రీ రూపొందినప్పుడు ఆసుపత్రినుండి పంపిన తరువాత 10 రోజుల మందులు ప్యాకేజీలో చేర్చబడినవి. ఆయుష్మాన్ భారత్‌లో ఇది 15 రోజులు. ఆసుపత్రిలో చేరనవసరం లేని చికిత్సలు ఆయుష్మాన్ భారత్ పరిధిలోనికి రావు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ రోగి ఇంటివద్ద ఉండి నెలల తరబడి చేయించుకొనవలసినవి. వాటిలో ఏ ఒక్క రోజుకూ పడక అవసరం లేదు. పడక అవసరం లేనిది చికిత్స కాదనే లెక్క ఈ పథకాల నిర్మాణంలోనే ఇమిడియున్నది.

మధ్యకాలం

ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన రోజునుండి వైకల్య ధ్రువపత్రం చేతికందే రోజు వరకు ఉన్న కాలాన్ని ఇక్కడ మధ్యకాలం అనుకొనవచ్చును. వ్యాయామం ఎలా చేయించవలెనో ఇంటిలోని వారికి ఒకటి రెండుసార్లు చూపించి పంపుతారు. ఆ తరువాత ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించుకొనే శక్తి ఉన్నవారు పిలిపించుకొంటారు. లేనివారు పసరుమందు వైపు వెళ్ళడం పల్లెలలో తరచు చూసేదే. దానిని మూఢత్వమని తీసివేయుట సులభం. కాని ఆ వైద్యుడు రోగిని చూస్తాడు, మళ్ళీ ఫలానా రోజున రమ్మంటాడు, ధైర్యం చెబుతాడు. ఆ పని చేసే మనిషి ప్రభుత్వ వ్యవస్థలో ఆ నెలలలో ఎదురుకావడం అరుదు.

కేంద్రప్రభుత్వం 2010లో క్యాన్సర్, మధుమేహం, హృద్రోగాలు, పక్షవాతముల నివారణకు ఒక జాతీయ కార్యక్రమం ప్రారంభించినది. ఇది 2023లో అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమంగా పేరు మార్చుకొన్నది. పక్షవాతం పేరులోనే ఉన్నను, దీని ప్రధాన దృష్టి రక్తపోటు, చక్కెర వ్యాధులను ముందుగా కనిపెట్టుటపైననే. అది కూడ అవసరమే. రక్తపోటు అదుపులో ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. జిల్లా ఆసుపత్రులలోని ఈ కార్యక్రమపు క్లినిక్కులకు ఒక ఫిజియోథెరపిస్టు పోస్టు మార్గదర్శకాలలో పేర్కొనబడినది. అయితే ఒక పక్క చచ్చుబడిన మనిషిని పల్లెనుండి జిల్లా కేంద్రానికి వారానికి మూడుసార్లు తీసుకొనివచ్చుటకయ్యే ఆటో కిరాయి, తోడు వచ్చిన వారి కూలినష్టం ఏ పథకంలోను లేవు.

ఈ కాలానికి నగదు సహాయం ఇచ్చిన ప్రయత్నం ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో జరిగినది. 2019 డిసెంబరు 2న గుంటూరులో ప్రారంభించబడిన ఆరోగ్య ఆసరా పథకం క్రింద ఆరోగ్యశ్రీ చికిత్స పొందినవారికి వైద్యులు సూచించిన విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 రూపాయలకు మించకుండ చెల్లించేవారు. ఇది పోయిన కూలికి బదులు ఇచ్చిన డబ్బే గాని చికిత్సకు ఇచ్చినది కాదు. అయినను మధ్యకాలం అనేది ఒకటి ఉన్నదని ప్రభుత్వం గుర్తించినట్లయినది.

సంఘటిత రంగ కార్మికులకు మాత్రం ఈ కాలానికి పాతకాలం నుండి రక్షణ ఉన్నది. 1948 నాటి చట్టంతో ఏర్పడిన కార్మిక రాజ్య బీమా క్రింద, దీర్ఘకాలిక వ్యాధుల జాబితాలో ఉన్న రోగం వచ్చిన కార్మికునికి సగటు వేతనంలో 80 శాతం చొప్పున రెండేళ్ళ వరకు విస్తృత అనారోగ్య భృతి లభిస్తుంది. ఆ జాబితాలో అర్ధాంగ పక్షవాతం ఉన్నది. అనగా మధ్యకాలానికి డబ్బు ఇచ్చుట సాధ్యమేనని ఈ దేశంలోనే దశాబ్దాలుగా రుజువైయున్నది. కాని కార్మికులు, యజమానుల చందాలతో నడిచే ఈ బీమా 2017 నుండి నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికే వర్తిస్తున్నది. వ్యవసాయ కూలీలకు, సొంతంగా చిన్న పనులు చేసుకొనేవారికి ఇందులో చోటు లేదు.

వైకల్య ధ్రువీకరణ

పింఛను మొదలు బస్సు రాయితీ వరకు చాల ప్రయోజనాలకు వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్లు ధ్రువపత్రం కావలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంలో ఇందుకు సదరం అనే కంప్యూటరు విధానం ప్రవేశపెట్టబడినది. నేటికీ ఈ శిబిరాలను ప్రజలు సదరం క్యాంపు అనే పిలుస్తారు. తరువాత దేశవ్యాప్తంగా ప్రత్యేక గుర్తింపు కార్డు విధానం వచ్చినది.

నాడీసంబంధమైన వైకల్యాన్ని సాధారణంగా వ్యాధి మొదలైన ఆరు నెలల తరువాత అంచనా వేయవలెనని 2001 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పినవి. వైద్యపరంగా ఇది సబబే. మూడవ వారంలో లేవలేని మనిషి ఆరవ నెలలో నడవవచ్చును; తొందరపడి శాశ్వత వైకల్యమని వ్రాయుట సరికాదు. కాని వైద్యుడు సరిగా చేసిన ఈ ఆలస్యం పింఛను కార్యాలయంలో ఆరు నెలల ఆకలిగా మారుతున్నది. మార్పుకు అవకాశమున్న వైకల్యానికి గడువుతో కూడిన తాత్కాలిక ధ్రువపత్రం ఇచ్చుటకు 2017 నాటి నియమాలు వీలు కల్పిస్తున్నవి. ఈ వెసులుబాటు ఉన్నదని చాలమంది రోగులకు తెలియదు కనుక దరఖాస్తు చేసేటప్పుడు అడుగుట మంచిది. దరఖాస్తు చేసిన ఒక నెలలో పత్రం ఇవ్వవలెనని ఆ నియమాలలో ఉండగా, 2024 అక్టోబరు సవరణతో ఆ గడువు మూడు నెలలైనది.

రెండవ చిక్కు శాతాల లెక్క. చేతిపట్టు, కాలి బలం కొలుచుట తేలిక. జ్ఞాపకశక్తి, నిగ్రహం, అలసట కొలుచుట కష్టం. అందువలన కర్రసాయంతో నడిచే గుమస్తాకు ధ్రువపత్రం దొరుకుతుండగా, చక్కగా నడుస్తూ ఏ పనినీ పూర్తిచేయలేని తలగాయపు మనిషి శిబిరంనుండి వట్టిచేతులతో తిరిగి రావచ్చును.

పింఛనులు

కేంద్రప్రభుత్వపు ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం 2009 ఫిబ్రవరిలో నెలకు 200 రూపాయలతో ప్రారంభమైనది. దారిద్ర్యరేఖకు దిగువనుండి, 80 శాతం వైకల్యం ఉన్నవారికే ఇది వర్తిస్తుంది. 2012లో కేంద్రపు వాటా 300 రూపాయలైనది. 80 ఏళ్ళు నిండినవారికి 500 రూపాయలు. ఆ తరువాత పన్నెండేళ్ళకు పైగా ఈ మొత్తంలో మార్పు లేదు. ధరలు ఎంత పెరిగినవో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. రోగి చేతికందే సొమ్ములో అధికభాగం రాష్ట్రప్రభుత్వానిదే.

తెలంగాణలో 2014 నవంబరులో మొదలైన ఆసరా పథకం క్రింద వికలాంగుల పింఛను 1,500 రూపాయలుగా ఉండి, 2019లో 3,016 రూపాయలు, 2023 జూలైలో 4,016 రూపాయలు అయినది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతం వచ్చి మంచానికి గాని, చక్రాల కుర్చీకి గాని పరిమితమైనవారిని ప్రత్యేక వర్గంగా గుర్తించి నెలకు 5,000 రూపాయలు ఇచ్చేవారు. 2024 జూన్‌లో ఎన్టీఆర్ భరోసా పేరుతో పింఛనులు పెంచినప్పుడు సాధారణ వికలాంగుల పింఛను 3,000 నుండి 6,000 రూపాయలకు, ఈ ప్రత్యేక వర్గపు పింఛను 15,000 రూపాయలకు పెరిగినవి. ప్రమాదంలో దెబ్బతిని మంచానికి పరిమితమైనవారు కూడ ఇదే వర్గంలో చేర్చబడినారు. 15,000 రూపాయలలో కేంద్రపు 300 రూపాయలు నూటికి 2 వంతులు మాత్రమే. ఈ పింఛనును ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది ఇంటివద్దనే అందజేస్తారు. కదలలేని రోగికి ఈ పద్ధతి ఎంత ఉపయోగమో అనుభవించినవారికే తెలుస్తుంది.

2025 జనవరి నుండి వైద్యబృందాలు ముందుగా 15,000 రూపాయల పింఛనుదారుల ఇళ్ళకు, తరువాత శిబిరాలకు వచ్చిన ఇతర వికలాంగులకు తిరిగి పరీక్షలు జరిపినవి. 40 శాతం కంటె తక్కువ వైకల్యం ఉన్నట్లు తేలినవారికి ఆగస్టులో నోటీసులు జారీకాగా నిరసనలు వెల్లువెత్తినవి. అప్పీలు చేసుకొనుటకు అవకాశమిచ్చి, ఆ లోపల పింఛను కొనసాగించుటకు ప్రభుత్వం అంగీకరించినది. అనర్హులను ఏరివేయుట ఏ ప్రభుత్వానికైనా తప్పనిసరి. కాని పక్షవాతం విషయంలో ఒక విచిత్రమైన సంగతి ఉన్నది. మంచంలో ఉన్నంతకాలం 15,000 రూపాయలు వచ్చే మనిషి, సాధన చేసి లేచి నాలుగడుగులు వేయగలిగితే 6,000 రూపాయల వర్గంలోనికి దిగుతాడు. అప్పటికి అతని మందులు తగ్గవు, తోడు ఉండే మనిషి అవసరం పోదు. లేచి నడుచుటకు సహాయం చేయని వ్యవస్థ, లేచినందుకు సొమ్ము తగ్గించుట న్యాయంగా కనిపించదు.

ఉపకరణాలు, పునరావాస కేంద్రాలు

చక్రాల కుర్చీ, చేతికర్ర, కాలికి కట్టే పట్టీ వంటి ఉపకరణాలను 1981లో మొదలైన కేంద్రప్రభుత్వపు ఎడిప్ పథకం ద్వారా ఉచితంగా లేదా సగం ధరకు ఇస్తారు. దీనికి 40 శాతం ధ్రువపత్రం కావలెను. 60 ఏళ్ళు దాటిన పేదలకు మరొక దారి ఉన్నది. 2017 ఏప్రిల్ 1న శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో ప్రారంభించబడిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్రింద వృద్ధాప్యపు లోపాలకు వాకర్లు, మూడు కాళ్ళ కర్రలు, చక్రాల కుర్చీలు ఇస్తారు.

పునరావాస కేంద్రాల విషయంలో దక్షిణాదిలో పేరెన్నికగన్నది బెంగుళూరులోని నిమ్హాన్స్. దీనిలో నాడీ పునరావాసానికి ప్రత్యేక విభాగం కలదు. సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలను ప్రధానంగా దృష్టిలో ఉంచుకొని స్థాపించబడినది. నెల్లూరులో ఒక మిశ్రమ ప్రాంతీయ కేంద్రం కలదు. స్వచ్ఛంద సంస్థలకు దీనదయాళ్ పథకం క్రింద ఇచ్చే కేంద్ర గ్రాంట్లు ప్రధానంగా ప్రత్యేక పాఠశాలలకు పోతున్నవి. పెద్దవారైన తరువాత మెదడు దెబ్బతిన్నవారు పాఠశాలకు పోరు కదా. 2007లో స్థాపించబడిన భారతీయ తలగాయాల సంస్థ ఈ రంగంలో చెప్పుకోదగినది. జోధ్‌పూర్ మాజీ మహారాజా గజ్ సింగ్ తన కుమారుడు పోలో ఆటలో తలకు తీవ్రగాయమై కోలుకొన్న తరువాత దీనిని నెలకొల్పినారు.

సంరక్షకులు

రోగికి అన్నం తినిపించి, పక్క మార్చి, మలమూత్రాలు ఎత్తే పని మన దేశంలో ఇంటి ఆడవారిదే. భార్య, కోడలు, కూతురు తమ కూలిపని మానుకొని ఇంటిపట్టున ఉండవలసివస్తుంది. ఆ నష్టం ఏ లెక్కలోను రాదు. 2016 చట్టంలోని సంరక్షకుని భత్యాన్ని ఆచరణలో పెట్టిన రాష్ట్రాలు కొన్నే. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం క్రింద మంచాన పడినవారిని చూసుకొనేవారికి నెలకు 600 రూపాయల భత్యం ఏర్పాటు చేయబడినది. మొత్తం స్వల్పమే. అంతకంటె విలువైనది 2008లో ఆ రాష్ట్రం ప్రకటించిన ఉపశమన సేవల విధానం. దీని ప్రకారం పంచాయతీల నిధులతో నర్సులు మంచాన ఉన్నవారి ఇళ్ళకు వెళ్ళి పుండ్లు కడుగుట, గొట్టాలు మార్చుట, ఇంటివారికి నేర్పుట చేస్తారు. పక్షవాత రోగులు కూడ ఈ సేవలు పొందుతున్నారు.

న్యాయస్థానాలు ఈ శ్రమకు విలువ కట్టిన సందర్భాలు కలవు. రోడ్డు ప్రమాదంలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్న ఒక బాలిక కేసులో 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఆమెకు జీవితాంతం కావలసిన సహాయకుల ఖర్చును సంపాదన నష్టం వలెనే గుణకం పద్ధతిలో లెక్కించవలెనని నిర్ణయించినది. అయితే మోటారు ప్రమాద పరిహారం బీమా సంస్థలు ఇచ్చేది. పక్షవాతం వచ్చినవారికి దావా వేయుటకు ఎదుట ఎవ్వరూ లేరు.

స్పృహ లేని రోగి బ్యాంకు ఖాతానుండి అతని చికిత్సకే డబ్బు తీయలేక కుటుంబాలు పడే ఇబ్బంది మరొకటి. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం క్రింద సంరక్షకుని నియమించుటకు వీలున్నది గాని, అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలకే పరిమితం. 2019 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు, కోమాలో ఉన్నవారికి సంరక్షకుని నియమించే విషయంలో చట్టం మౌనంగా ఉన్నదని గుర్తించి, చట్టం వచ్చేవరకు పాటించవలసిన మార్గదర్శకాలను తానే రూపొందించినది.

ఇతర దేశాలలో

అమెరికాలో 1996 జూలై 29న తలగాయాల చట్టం ఆమోదం పొందినది. తలగాయాల లెక్కలు సేకరించుటకు, పరిశోధనకు, బాధితులకు సేవలు ఏర్పాటుచేసే రాష్ట్రాలకు గ్రాంట్లు ఇచ్చుటకు ఇది ఆధారమైనది.

ఇంగ్లండులో 2007 డిసెంబరులో ప్రకటించిన జాతీయ పక్షవాత వ్యూహం మధ్యకాలం విషయంలో మరింత స్పష్టంగా ఉన్నది. రోగి ఇంటికి వెళ్ళిన తరువాత ఆరు వారాలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఆపైన ఏటా ఒకసారి అతని ఆరోగ్య, సాంఘిక అవసరాలను తిరిగి సమీక్షించవలెనని దానిలో సూచించబడినది. ఈ వ్యూహంలో భాగంగా ఆసుపత్రుల నిధులతో కలపకుండ స్థానిక సంస్థలకు మూడేళ్ళకుగాను నాలుగున్నర కోట్ల పౌండ్లు ప్రత్యేకించి ఇవ్వబడినవి. ఆ సొమ్మును రోగుల, వారి కుటుంబాల ఆసరా సేవలకే ఖర్చుచేయవలెను. 2011లో ఈ ప్రత్యేక గ్రాంటు గడువు ముగిసినది. ఆ తరువాత ఆ సేవలను కొనసాగించుటయో మానుటయో ఆయా స్థానిక సంస్థల ఇష్టానికి విడువబడినది.